రిపోర్టులో ‘బైకార్నుయేట్’ అని రాస్తే: కాన్పు దాకా ఏం చేయాలి

ఏడో వారంలోనో ఎనిమిదో వారంలోనో చేసిన స్కానింగ్ రిపోర్టు చివర్లో చిన్న ముక్క ఒకటి ఉంటుంది: బైకార్నుయేట్ యుటెరస్, అంటే రెండు కొమ్ములుగా చీలిన గర్భసంచి, పక్కన ఒక ప్రశ్నార్థకం. ఇంటికొచ్చి ఆ మాటను ఫోన్‌లో వెతికితే అబార్షన్లు, నెలలు నిండని కాన్పులు తప్ప ఇంకేమీ కనబడవు. నిజానికి ఇలాంటి గర్భసంచి ఉన్నవాళ్ళలో చాలామంది బిడ్డల్ని కంటున్నారు. కొందరికైతే ఆ సంగతి సిజేరియన్ టేబుల్ మీదే బయటపడుతుంది. వందమంది ఆడవాళ్ళలో సుమారు ఐదుగురికి గర్భసంచి ఆకారం ఎంతో కొంత వేరుగా ఉంటుంది.

గర్భం నిలిచాక ఆ ఆకారాన్ని ఎవరూ మార్చలేరు. చేతిలో ఉన్నవి రెండే పనులు. ఏ రకమో కచ్చితంగా తేల్చుకోవడం ఒకటి. బిడ్డ ముందుగానే వచ్చేటట్టుంటే ఆ రాత్రి మనం ఏ దవాఖానకు ఎంత దూరంలో ఉంటామో ముందే లెక్కేసుకోవడం రెండోది. తెలంగాణలో దేవరకొండ తండాల్లో, అమ్రాబాద్ చెంచు పెంటల్లో, మక్తల్ పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళకు రెండోదే పెద్ద పని.

ముందు రకం తేలాలి

ఆడపిండం తన తల్లి కడుపులో ఉన్నప్పుడు రెండు సన్నటి గొట్టాలు పక్కపక్కన చేరి, కలిసిపోయి, మధ్య గోడ కరిగి ఒక్క సంచి అవుతుంది. ఈ పని ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టే రకం. గొట్టాలు అసలు కలవకపోతే రెండు గర్భసంచులు, రెండు మూతులు ఉంటాయి, దాన్ని డైడెల్ఫిస్ అంటారు. కింద కలిసి పైన కలవకపోతే రెండు కొమ్ములుగా చీలిన బైకార్నుయేట్. బయట అంతా కలిసి లోపలి గోడ మాత్రం మిగిలిపోతే సెప్టేట్. ఒక గొట్టం పెరిగి రెండోది పెరగకపోతే సగం సంచే ఉండే యూనికార్నుయేట్. ఆర్క్యుయేట్ అంటే పైకప్పు లోపలికి కొద్దిగా వంగడం, అంతే. రిపోర్టులో ఆర్క్యుయేట్ అని ఉంటే చాలావరకు దాని గురించి నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు.

ఇవన్నీ పుట్టుకతో వచ్చేవి. గ్రహణం రోజు కూరగాయలు కోసినందుకు, చిన్నప్పుడు బరువులు మోసినందుకు, పెళ్ళికి ముందు ఏదో మందు మింగినందుకు వచ్చేవి కావు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ ముక్క మొదటి రోజే చెప్పేస్తే తర్వాత సగం గొడవలు తగ్గుతాయి.

సెప్టేట్‌కూ బైకార్నుయేట్‌కూ తేడా మామూలు స్కానింగ్‌లో తేలదు. రెండింట్లోనూ లోపల రెండు గదులే కనబడతాయి. తేడా అంతా గర్భసంచి బయటి పైగీతలో ఉంది. ఆ గీత గుండ్రంగానో చదునుగానో ఉండి లోపల గోడ ఉంటే సెప్టేట్. గీతే మధ్యలో ఒక సెంటీమీటరుకు మించి లోపలికి నొక్కుకుపోతే బైకార్నుయేట్. ఆ పైగీత కనబడాలంటే త్రీడీ స్కానింగ్ గానీ ఎమ్మారై గానీ కావాలి. గొట్టాల ఎక్స్‌రే, అంటే హెచ్‌ఎస్‌జీ, లోపలి గదుల్నే చూపిస్తుంది, బయటి గీతను చూపించదు. అందుకే ఒక్క హెచ్‌ఎస్‌జీ ఫిల్మ్ చూసి ‘బైకార్నుయేట్’ అని రాసిన రిపోర్టును నమ్మేసి కూర్చోవద్దు.

గర్భం రాకముందైతే త్రీడీ స్కానింగ్‌కు నెలసరి చక్రంలో రెండో సగం మంచిది. అప్పుడు లోపలి పొర మందంగా ఉండి గదుల ఆకారం స్పష్టంగా కనబడుతుంది. గర్భం వచ్చాక ఎంత త్వరగా చూస్తే అంత మేలు. పన్నెండు వారాలు దాటాక సంచి సాగిపోయి ఖాళీ కొమ్ము ఒక మూలకు నొక్కుకుపోతుంది, ఆ తర్వాత ఎంత మంచి మిషన్ ఉన్నా చెప్పడం కష్టం.

స్కానింగ్ గదిలో అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. గర్భం ఏ కొమ్ములో ఉంది? ఆ కొమ్ముకూ గర్భసంచి మూతికీ దారి ఉందా? మూతి ఒకటా, రెండా? మాయ ఎక్కడ అతుక్కుంటోంది, గోడ మీదా, పక్క కండ మీదా? నాకు రెండు కిడ్నీలూ ఉన్నాయా? ఐదింటికీ జవాబు రిపోర్టులోనే రాయించుకోవాలి. నోటితో చెప్పింది వచ్చే నెల కొత్త డాక్టరు దగ్గర పనికి రాదు. కుడి కొమ్మా ఎడమ కొమ్మా అని అడిగితే కొందరు టెక్నీషియన్లు లింగ నిర్ధారణ చట్టం గుర్తొచ్చి తటపటాయిస్తారు. కుడి పక్క ఉంటే మగబిడ్డ అనే మాట మన దగ్గర గట్టిగానే ఉంది మరి. ఆ మాటలో నిజం లేదు. ఏ కొమ్ములో ఉందో చెప్పడం చట్టానికి విరుద్ధమూ కాదు.

కిడ్నీ ప్రశ్న ఎందుకంటే, గర్భసంచి, కిడ్నీలు కడుపులో దాదాపు ఒకే కాలంలో, పక్కపక్కనే తయారవుతాయి. యూనికార్నుయేట్ ఉన్నవాళ్ళలో దాదాపు పది మందిలో నలుగురికి ఒక కిడ్నీ లేకపోవడమో, తప్పు చోట ఉండటమో చూస్తారు. ఒక్క కిడ్నీతో గర్భం మోయవచ్చు. కాకపోతే కిడ్నీలు ఎలా పని చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష మొదట్లోనే చేయించాలి, ప్రతిసారీ బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. 140/90 దాటితే వచ్చే చెకప్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

దారి లేని కొమ్ములో గర్భం

మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, అందుకే విడిగా చెప్పాలి. యూనికార్నుయేట్‌లో కొందరికి పెరగని రెండో పక్కన చిన్న ముద్దలాంటి కొమ్ము ఉంటుంది. దానికి కిందికి దారి ఉండకపోవచ్చు. అయినా గర్భం అందులో పడే అవకాశం ఉంది. ఆ కండ బిడ్డతో పాటు సాగలేదు. చాలావరకు నాలుగు, ఐదు నెలల మధ్యలో అది పగులుతుంది. రక్తం కడుపు లోపలే పోతుంది కాబట్టి బయట మచ్చ కూడా కనబడకపోవచ్చు. ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు నొప్పి, భుజం దాకా లాగడం, కళ్ళు బైర్లు కమ్మడం, ముఖం పాలిపోవడం, చెమటలు. ఇవి కనబడితే ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ సూది వేయించుకుని పడుకోబెట్టొద్దు. 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ థియేటరూ రక్తనిధీ రెండూ ఉన్న దవాఖానకే పోవాలి.

ముందే కనిపెడితే ఆ కొమ్మును ఆపరేషన్‌తో తీసేస్తారు. గర్భం పోవడానికి ఇచ్చే మాత్రలు ఇక్కడ పని చేయవు, దారే లేదు కదా. మాత్రలు వేసి, నొప్పులు వచ్చి, ఏమీ బయటికి రాలేదంటే ‘ఇంకో డోసు వేద్దాం’ అనే ముందు గర్భం అసలు ఎక్కడుందో మళ్ళీ చూడాలి.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. బైకార్నుయేట్‌లో మామూలుగానే ఒక కొమ్ములో పెరుగుతున్న మంచి గర్భం, స్కానింగ్‌లో ఒక పక్కకు ఒరిగి కనబడటంతో ‘కార్నువల్ ఎక్టోపిక్’, అంటే సంచి మూలలో తప్పు చోట నిలిచిన గర్భం అని పొరబడతారు. నొప్పి లేకుండా, బీపీ, నాడి బాగుంటే, గర్భం తీసేయడానికి ఒప్పుకునే ముందు మరోచోట త్రీడీ స్కానింగ్ చేయించండి. నొప్పి ఉంటే ఈ సలహా వర్తించదు.

గర్భం దానంతటదే పోయి శుభ్రం చేయాల్సి వచ్చినా, స్కానింగ్‌లో చూస్తూ చేయమని అడగాలి. చూడకుండా చేస్తే ఖాళీ గదిని గీకి, గర్భం ఉన్న గదిని వదిలేసే ప్రమాదం ఉంది. పది రోజుల తర్వాత మళ్ళీ స్కానింగ్ తీసి ఖాళీ అయిందని నిర్ధారించుకోవాలి.

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా: మూతి పొడవు

రెండు కొమ్ములున్నా, గోడ ఉన్నా, సగం సంచి ఉన్నా రెండో మూడు నెలల్లో భయం ఒకటే. బిడ్డకు చోటు తక్కువ, కింద మూతి బలహీనం, నొప్పి కూడా తెలియకుండా మూతి పొట్టిబడి తెరుచుకుంటుంది. దీన్ని పట్టుకునేది లోపలి స్కానింగ్ ఒక్కటే. పొట్ట మీద పెట్టి చూసిన కొలత నమ్మదగ్గది కాదు.

16 వారాలప్పుడు మొదలుపెట్టి 24 వారాల దాకా రెండు వారాలకోసారి చేయిస్తే చాలు. 18 నుంచి 22 వారాల మధ్య ఎలాగూ బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ ఉంటుంది, ఆ రోజే ఇదీ కలిపి చేయించుకుంటే ఒక ప్రయాణం తగ్గుతుంది. చేసే పద్ధతి తెలిస్తే భయం ఉండదు. ముందు మూత్రం పూర్తిగా పోసి రావాలి, బ్లాడర్ నిండుగా ఉంటే మూతి నొక్కుకుని ఉన్నదానికంటే పొడవుగా కనబడుతుంది. పరికరానికి కండోమ్ తొడిగి జెల్ రాసి నెమ్మదిగా లోపలికి పెడతారు. ఐదు నిమిషాల పాటు మూడుసార్లు కొలిచి, అందులో అతి చిన్న అంకెను రాస్తారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ అంకె మీకు తెలిసి ఉండాలి. ‘మూతి బాగుంది’ అన్నది కొలత కాదు. ‘32 మిల్లీమీటర్లు’ అన్నది కొలత. రెండు మూతులు ఉన్నవాళ్ళకు గర్భం ఉన్న పక్క మూతినే కొలవాలి.

25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే పొట్టి మూతి. అప్పుడు సాధారణంగా ఇచ్చేది ప్రొజెస్టెరాన్ 200 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునే ముందు యోనిలో పెట్టుకునేది, సుమారు 36 వారాల దాకా. చేతులు సబ్బుతో కడుక్కుని, వెల్లకిలా పడుకుని వేలు పోయినంత లోపలికి పెట్టి, అలాగే పడుకోవాలి. పొద్దున జిడ్డులాగా తెల్లగా కారుతుంది, మందు బయటికి పోయిందని ఇంకోటి పెట్టుకోవద్దు. మే నెల ఎండల్లో మెత్తటి క్యాప్సూళ్ళు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. రేకుల ఇల్లయితే కిటికీ గూట్లో కాకుండా, నీడలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి. మూతి కొలత బాగున్నా, ఆకారం వేరుగా ఉందన్న ఒక్క కారణానికే మొదటి నెల నుంచి అందరికీ ప్రొజెస్టెరాన్ రాసేవాళ్ళున్నారు. దానివల్ల లాభం ఉందనడానికి గట్టి ఆధారం లేదు. డబ్బులు తిప్పలుగా ఉన్న ఇంట్లో ఆ ఖర్చు లోపలి స్కానింగ్‌కు పెట్టడం తెలివైన పని.

ఇంతకుముందు ఐదో, ఆరో నెలలో నొప్పి లేకుండానే గర్భం జారిపోయినవాళ్ళకు మూతికి కుట్టు వేస్తారు, ఎక్కువగా 12 నుంచి 14 వారాల మధ్య. మొదటి గర్భం అయి, ఏ చరిత్రా లేకుండా, మూతి పొడవుగా ఉంటే కేవలం ఆకారం చూసి కుట్టు వేయడం అవసరం లేదు. నడుముకు సూది ఇచ్చి చేసే ఈ చిన్న ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తపు మరకలు మామూలే. జ్వరం, వాసనతో తెల్లబట్ట, నీళ్ళు కారడం, నొప్పులు మాత్రం మామూలు కాదు.

కుట్టు విషయంలో జరిగే అసలు పొరపాటు వేయడంలో కాదు, మరిచిపోవడంలో. కుట్టు ఒక దవాఖానలో వేస్తారు, నొప్పులు ఇంకో ఊళ్ళో వస్తాయి. కుట్టు ఉండగా నొప్పులు సాగితే మూతి చిరిగిపోతుంది, గర్భసంచి పగిలే ప్రమాదమూ ఉంది. ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాయండి: మూతికి కుట్టు ఉంది, వేసిన తేదీ ఇది, 36–37 వారాల్లో తీయాలి. తీయడం కొన్ని నిమిషాల పనే, చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు.

పని, విశ్రాంతి, తిండి

మంచం దిగొద్దని చెప్పడం మన దగ్గర బాగా అలవాటు. పూర్తి బెడ్ రెస్ట్ వల్ల ముందుగా వచ్చే కాన్పు ఆగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, కండ కరగడం మాత్రం జరుగుతాయి. వంట, ఇంట్లో తిరగడం, పొద్దూమాపూ కాసేపు నడక అన్నీ చేసుకోవచ్చు. మానాల్సినవి వేరు: నిండు బిందె అంటే పదిహేను కిలోలకు తక్కువ కాదు, దాన్ని చంకనెత్తుకోవడం. రోజంతా నడుము వంచి నాట్లు వేయడం, పత్తి బస్తా లాగడం, ఇటుక మోత. ముంబైకో, హైదరాబాద్ సైట్లకో వలస పోయే కుటుంబాలు ఈ ఒక్కసారికి ఆమెను ఊళ్ళో ఉంచే ఏర్పాటు చూసుకోవాలి. కుదరకపోతే ఫైలు మొత్తం ఆమె వెంటే ఉండాలి, ఊళ్ళోని పెట్టెలో కాదు.

ఈ కాన్పుల్లో రక్తం ఎక్కువ పోవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ 11 దాటించడమే లక్ష్యంగా పెట్టుకోండి. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర (సర్కారు దవాఖానలో ఇచ్చేది 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్), కాల్షియం 500 మిల్లీగ్రాములు రెండు పూటలా. ఐరన్‌నూ కాల్షియంనూ ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. చాయ్‌తో మింగితే కూడా అంతే. నిమ్మరసం నీళ్ళతో మింగండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఇచ్చే పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు వదులుకోవద్దు, సిగ్గుపడేది ఏమీ లేదు. మాత్రలతో ఎక్కకపోతే నాలుగో నెల నుంచి ఐరన్ సెలైన్ పెట్టించుకోవచ్చు.

నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతంలో, మర్రిగూడ, మునుగోడు వైపు పెరిగినవాళ్ళు డాక్టరుకు ఒక మాట చెప్పాలి. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళే తాగి నడుము, మెడ బిగుసుకుపోయి ఉంటే వెన్నులో మత్తు సూది దిగడం కష్టం కావచ్చు. సిజేరియన్ అవసరం ఎక్కువగా పడే గర్భం ఇది కాబట్టి ఎనిమిదో నెలలోనే మత్తు డాక్టరుకు ఒకసారి చూపించుకోండి.

28 వారాల నాటికి ఎక్కడుండాలి

తొలి కాన్పుకు తల్లిగారింటికి తోలుకపోవడం మన ఆచారం. పోవచ్చు. తల్లిగారిల్లు ఎక్కడన్నదే ప్రశ్న. నెలలు నిండని పిల్లల్ని చూసే వార్డు, అంటే ఎస్‌ఎన్‌సీయూ, ఉన్న దవాఖానకు రాత్రి రెండు గంటలకు బయల్దేరినా గంట లోపల చేరుకునే చోట ఉంటే సరే. లేదంటే ఈసారి ఆచారాన్ని దారి మళ్ళించి, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చుట్టాలింట్లో ఉండేలా చూడాలి. శ్రీమంతం ఏ ఇంట్లో చేసినా శ్రీమంతమే.

దూరాన్ని పగటి లెక్కతో కాకుండా రాత్రి లెక్కతో కొలవండి. సాయంత్రం ఆరు దాటితే ఆటో దొరకని ఊళ్ళెన్నో ఉన్నాయి. నెలవారీ చెకప్‌లకు 102 అమ్మ ఒడి బండి, ప్రమాదానికి 108. ఈ రెండు నంబర్లతో పాటు ఊళ్ళో ఒక కారు డ్రైవర్ నంబరు, ఆశ వర్కర్ నంబరు గోడ మీద రాసిపెట్టాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు ప్రత్యేక చెకప్ ఉంటుంది. ఆ రోజు మీ కార్డు మీద హై రిస్క్ అని రాయించుకుంటే ఏఎన్‌ఎం దగ్గర మీ పేరు విడిగా నమోదవుతుంది.

28 వారాలకు ముందే కాన్పు అయ్యేటట్టుంటే, దారిలో కాన్పు అయ్యే పరిస్థితి లేకపోతే, బిడ్డ కడుపులో ఉండగానే హైదరాబాద్ పోవడం మేలు: పేట్లబుర్జు, గాంధీ, నిలోఫర్ దవాఖానలు. పుట్టాక అంబులెన్స్‌లో వంద కిలోమీటర్లు తీసుకుపోయే బిడ్డ కంటే తల్లి కడుపులో ప్రయాణించే బిడ్డకే భద్రత. అలంపూర్ వాళ్ళకు కర్నూలు, నారాయణపేట, మక్తల్ వాళ్ళకు రాయచూరు దగ్గర. దగ్గరగా ఉన్నదే మంచిది, కాకపోతే రాష్ట్రం దాటాక ఆరోగ్యశ్రీ చెల్లుతుందో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

నొప్పుల్ని గుర్తుపట్టడం

కడుపు గట్టిపడటం ఏడో నెల నుంచి ఎవరికైనా ఉంటుంది. తేడా తెలియాలంటే లెక్కపెట్టాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, అరచేయి పొట్ట మీద ఆనించి ఉంచండి. నుదురు తాకినంత గట్టిగా పొట్ట తగిలితే అది నొప్పి, ముక్కు కొన తాకినట్టుంటే కాదు. ఫోన్‌లో టైమ్ రాసుకుంటూ పోండి. గంటలో నాలుగు, అంతకు మించి వస్తే, లేదా నడుంలో వచ్చిపోయే నొప్పి, కింద బరువుగా దిగినట్టు ఉండటం, జిగురులో రక్తపు చారలు కనబడితే 37 వారాలు నిండకముందు ఇంట్లో ఆగొద్దు.

ఉమ్మనీరు పోయిందా, మూత్రమా అన్న అనుమానం ఉంటే శుభ్రమైన తెల్లటి పొడి బట్ట పెట్టుకుని అరగంట నడవండి. మూత్రం వాసన లేకుండా మళ్ళీ తడిస్తే ఉమ్మనీరే అనుకుని బయల్దేరండి. ఆ తర్వాత ఎవర్నీ వేళ్ళతో లోపల పరీక్ష చేయనివ్వకండి, ఇన్ఫెక్షన్ చేరుతుంది. దవాఖానలో పరికరంతో చూసి చెబుతారు.

24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూదులు ఇస్తారు. ప్రభుత్వ దవాఖానల్లో డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. మొదటి సూది పీహెచ్‌సీలోనే వేయించుకుని బయల్దేరవచ్చు, వేసిన టైమ్ రెఫరల్ చిట్టీ మీద రాయించుకోవాలి. పూర్తి ఫలితం మొదలుపెట్టిన 24 గంటల తర్వాత కనబడుతుంది, కాబట్టి ‘పొద్దున పోదాంలే’ అన్న ఒక్క రాత్రి బిడ్డ ఊపిరికి ఖరీదైపోతుంది. 32 వారాల లోపైతే బిడ్డ మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేట్ కూడా అడగండి.

బిడ్డ ఎదుగుదల, ఎదురుకాళ్ళు

పొట్ట ఒక పక్కకు ఒరిగి ఉంటుంది కాబట్టి టేపుతో కొలిచే ఎత్తు తప్పుదారి పట్టిస్తుంది. 26–28 వారాల నుంచి నాలుగు వారాలకోసారి ఎదుగుదల స్కానింగ్ కావాలి. బరువు తగ్గుతుంటే డాప్లర్ చేసి మాయలో రక్తప్రసరణ చూస్తారు. 28 వారాల తర్వాత రోజూ ఒక టైమ్‌లో కదలికలు లెక్కపెట్టండి, రెండు గంటల్లో పది రాకపోతే ఆ రోజే వెళ్ళాలి.

చోటు ఇరుకైన సంచిలో బిడ్డ తల కిందికి తిరగలేక ఎదురుకాళ్ళతోనో, కూర్చున్నట్టో మిగిలిపోవడం ఎక్కువ. మామూలు గర్భసంచిలోనైతే బయటి నుంచి చేత్తో తిప్పే పద్ధతి ఉంది, ఇక్కడ అది సరిపడదు. నూనె రాసి కడుపు తోమి తిప్పుతామనే వాళ్ళను గడప దగ్గరే ఆపండి, మాయ విడిపోతే అరగంటలో బిడ్డ పోతుంది. 36 వారాల స్కానింగ్‌లో కూడా ఎదురుగానే ఉంటే, తొందర కారణాలు లేకపోతే, 39 వారాల దగ్గర తేదీ పెట్టి సిజేరియన్ చేస్తారు. ఆ తేదీకి ముందే నీళ్ళు పోతే బొడ్డుతాడు బయటికి జారవచ్చు. తాడు తగిలినట్టు అనిపిస్తే మోకాళ్ళ మీద వంగి, ఛాతీ నేలకు ఆనించి, నడుము పైకెత్తి ఉండాలి. బండిలో కూడా నడుము కింద దిండ్లు పెట్టి పక్కకు తిరిగి పడుకోవాలి. తాడును లోపలికి తోయొద్దు.

తల కింద ఉంటే మామూలు కాన్పు కావచ్చు. ఆకారం వేరుగా ఉందన్న ఒక్క ముక్కతో సిజేరియన్ రాయడం సరికాదు. డైడెల్ఫిస్ ఉన్నవాళ్ళలో యోనిలో నిలువు గోడ ఉండవచ్చు. అది ఎక్కువగా పక్కకు జరిగిపోతుంది, లేదంటే కాన్పు టైమ్‌లో కత్తిరిస్తారు, డాక్టరుకు ముందే తెలిసి ఉండాలి అంతే. ఇదివరకు ఆకారం సరిచేయడానికి గర్భసంచి కోసి కుట్టిన ఆపరేషన్ (మెట్రోప్లాస్టీ) అయినవాళ్ళకు మాత్రం నొప్పులు రాకముందే సిజేరియన్.

కాన్పు రోజు, ఆ తర్వాత

మాయ కొమ్ములో ఇరుక్కుని రాకపోవడం, సంచి సరిగ్గా ముడుచుకోక రక్తం పోవడం, ఈ రెండింటికీ సిద్ధంగా ఉండాలి. రక్తం గ్రూపు సరిపోయే ఇద్దరు దాతలు ఆ రోజు ఊరు దాటకుండా చూడండి. రెండు సంచులున్నవాళ్ళకు కాన్పు తర్వాత ఖాళీ సంచి నుంచి మాంసం పొరలాంటిది బయటికి రావడం జరుగుతుంది. పారేయకుండా కవర్లో పెట్టి చూపించండి, మాయ ముక్కనుకుని అనవసరంగా మళ్ళీ శుభ్రం చేయకుండా ఉంటారు.

సిజేరియన్ అయితే డాక్టరుకు గర్భసంచి బయటి ఆకారం కళ్ళారా చూసే అవకాశం దొరుకుతుంది. ముందురోజే అడగండి: ఏ రకమో, అండాశయాలు, గొట్టాలు ఎలా ఉన్నాయో ఆపరేషన్ నోట్స్‌లో రాయండి అని. డిశ్చార్జ్ కాగితానికి ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. అదనంగా నిర్ధారణ కావాలంటే మూడు నెలలు గడిచాక త్రీడీ స్కానింగ్.

సెప్టేట్ అని తేలి, గర్భాలు మళ్ళీ మళ్ళీ పోతుంటే దూర్బీన్‌తో (హిస్టెరోస్కోపీ) గోడ తీయించుకోమంటారు. ఇందులో డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. 2021లో వెలువడిన ఒక పరీక్షలో సుమారు 80 మందిని రెండు గుంపులుగా చూస్తే, తీయించుకున్నవాళ్ళకూ తీయించుకోనివాళ్ళకూ బిడ్డ పుట్టడంలో మెరుగైన తేడా కనబడలేదు. చిన్న పరీక్ష కాబట్టి అదే చివరి మాట అనలేం. ఒక్క గర్భం పోయినవాళ్ళు మాత్రం ఆపరేషన్‌కు తొందరపడక్కర్లేదు. బైకార్నుయేట్‌కు ఆ దూర్బీన్ ఆపరేషన్ పనికిరాదు, అక్కడ కోస్తే సంచికే చిల్లు పడుతుంది. మొదట్లో రకం తేల్చుకోమన్నది ఇందుకే.

రెండు గదులున్న సంచిలో కాపర్‌టీని నమ్ముకోలేం, ఒక గదిలో పెడితే రెండో గదిలో గర్భం వస్తుంది. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ సూది, ‘ఛాయ’ మాత్రలు సర్కారు దవాఖానల్లో ఉచితంగా దొరుకుతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకునేటప్పుడు సర్జన్‌కు పాత నోట్స్ చూపించాలి, గొట్టాలు ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు. రెండు మూతులున్నవాళ్ళు ముప్ఫై దాటాక క్యాన్సర్ పరీక్షకు పోయినప్పుడు రెండింటి నుంచీ నమూనా తీయమని గుర్తుచేయాలి, తీసేవాళ్ళకు రెండోది ఉందని తెలియదు.